స్టూడియో రికార్డింగ్‌కి ఏ ట్యూనర్ కొనాలి?

ఫోన్‌లో ఫ్రీ యాప్ ఉండగా మళ్లీ ట్యూనర్ కొనడం ఎందుకని చాలామంది అడుగుతున్నారు. ఇంట్లో ప్రాక్టీస్‌కి యాప్ చాలు. రికార్డింగ్ సంగతి వేరు.

ఎందుకో చెప్తాను. పక్కపక్కనే ఉన్న రెండు స్వరస్థానాల మధ్య దూరాన్ని 100 భాగాలు చేస్తే, ఒక్కో భాగం ఒక సెంట్. ఇవాళ ఒక గిటార్ ట్రాక్ వాయించారు, రేపు దాని మీద ఇంకొకటి. రెండోది 5 సెంట్లు తేడాగా ఉందనుకోండి, 440 హెర్ట్జ్ స్వరం దగ్గర శబ్దం సెకనుకి ఒకసారి పైనే అలలా లేచి పడుతుంది. స్టేజీ మీద ఎవరూ పట్టించుకోరు. హెడ్‌ఫోన్స్‌లో దొరికిపోతాం. తేడా 1 సెంటే అయితే ఆ అల నాలుగు సెకన్లకి ఒకసారి వస్తుంది, అంతే.

అందుకే కొనేటప్పుడు నేను మూడు చూస్తాను.

ఒకటి, కచ్చితత్వం. అటూ ఇటూ 1 సెంట్ లోపు ఉంటే చాలా పనులకి సరిపోతుంది. ట్రాక్ మీద ట్రాక్ పేర్చేవాళ్లు 0.1 సెంట్ వరకు చూపించే స్ట్రోబ్ ట్యూనర్ తీసుకోండి.

రెండు, శబ్దం ఎలా తీసుకుంటుంది? యాప్ మైక్‌తో వింటుంది, ఫ్యాన్ మోత కూడా కలుస్తుంది. క్లిప్ ట్యూనర్ చెక్కలోని కంపనాన్ని పట్టుకుంటుంది, అకూస్టిక్ గిటార్‌కి అది బెస్ట్. ఎలక్ట్రిక్‌కి కేబుల్‌తో కలిపే పెడల్ ట్యూనర్.

మూడు, 12 స్వరస్థానాలూ చూపించే క్రొమాటిక్ ట్యూనరై ఉండాలి, రిఫరెన్స్ పిచ్ మార్చుకునే వీలుండాలి. స్టూడియో పియానో 442లో ఉంటే, మీరొక్కరే 440లో ఉండి లాభం లేదు.

ఇంకొక్క మాట. సెషన్‌లో అందరూ ఒకే ట్యూనర్‌తో, ప్రతి టేక్‌కి ముందు చూసుకోండి. వాయించేకొద్దీ తీగలు జారుతూనే ఉంటాయి, మిక్సింగ్‌లో సరిచేయడం కంటే ఈ అర నిమిషమే చవక.