ఎనిమిది బైట్ల ఒప్పందం

పెద్ద బ్యాంకులో ప్రోగ్రాములన్నీ ఒకే భాషలో ఉండవు. ఒకటి జావాలో, ఇంకోటి సీ ప్లస్ ప్లస్‌లో, మరొకటి పైథాన్‌లో. షేర్ల కొనుగోలు జరిగిందని ఒకటి చెప్పే సమయానికి లెక్కలు రాసుకునేది ఆగిపోయి ఉండొచ్చు. అందుకే మధ్యలో బ్రోకర్ అనే సాఫ్ట్‌వేర్ పెడతారు. అది సందేశాన్ని క్యూలో దాచి, అవతలిది మళ్లీ నడిచాక అందిస్తుంది. ఐబీఎం 1993లో తెచ్చిన ఎంక్యూసిరీస్ ఈ పనికే పేరుపొందింది.

చిక్కల్లా బ్రోకర్‌తో మాట్లాడే తీరులో ఉండేది. ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. ఏ భాషకు లైబ్రరీ ఇస్తే ఆ భాషలోనే అప్లికేషన్ రాసుకోవాలి. 1990ల చివర్లో సన్ సంస్థ జేఎంఎస్ ప్రమాణం తెచ్చింది కానీ, అది జావాకే. పైగా ఫంక్షన్లను ఎలా పిలవాలో చెప్పిందే తప్ప, నెట్‌వర్క్ మీద బైట్లు ఎలా ఉండాలో చెప్పలేదు.

2003లో జేపీ మోర్గాన్ చేజ్ బ్యాంకులో జాన్ ఓహారా ఈ ముడిని రెండో కొసన పట్టుకున్నారు. భాషల జోలికి పోకుండా, బైట్లనే ప్రమాణంగా రాశారు. అదే ఏఎంక్యూపీ. దాని 0-9-1 వెర్షన్‌లో కనెక్షన్ దొరకగానే అప్లికేషన్ ఎనిమిది బైట్లు పంపుతుంది: ఏ, ఎం, క్యూ, పీ అక్షరాలు, ఆపైన 0, 0, 9, 1. తర్వాత వచ్చే ప్రతి ఫ్రేమూ తన రకాన్ని 1 బైటులో, చానల్‌ను 2 బైట్లలో, పొడవును 4 బైట్లలో చెప్పి, 206 విలువున్న బైటుతో ముగుస్తుంది. అక్కడ 206 లేదంటే ఎక్కడో లెక్క తప్పినట్టే. సాకెట్ తెరిచి బైట్లు పంపగల ఏ భాషకైనా ఈ మాత్రం చాలు. ఈ రంగంలో ఇంతకన్నా ఉదారమైన ఆలోచన నాకు కనిపించలేదు.

2007లో వచ్చిన రాబిట్‌ఎంక్యూ అనే బ్రోకర్ ఈ ప్రమాణంతోనే ఎదిగింది. దాన్ని ఎర్లాంగ్‌లో రాశారు. ఎరిక్సన్ కంపెనీ టెలిఫోన్ ఎక్స్చేంజీల కోసం తయారుచేసుకున్న భాష అది. ఒక కాల్ తెగినా మిగతావి సాగాలన్నది దాని పుట్టుకలోనే ఉంది. బ్రోకర్‌కు కావలసిందీ అదే. రూబీలోనో గో లోనో అప్లికేషన్ రాసేవాళ్లు ఎర్లాంగ్ నేర్చుకోనక్కర్లేదు.

అయితే ఏఎంక్యూపీ ఒప్పందం కవరుకే, లోపలి ఉత్తరానికి కాదు. జావా ఆబ్జెక్టును జావా పద్ధతిలోనే సీరియలైజ్ చేసి పంపితే పైథాన్‌కు అది అర్థంకాని బైట్ల కుప్ప. అందుకే చాలామంది ఏ భాషకైనా అర్థమయ్యే జేసాన్ రూపం వాడతారు.

ఇక అసలు కష్టం, సందేశం అందినట్టు బ్రోకర్‌కు కబురు, అంటే ‘ఆక్’, ఎప్పుడు పంపాలన్నది. పని చేయకముందే పంపి ప్రోగ్రాము ఆగిపోతే సందేశం పోయినట్టే. పని అయ్యాక పంపుదామంటే, ఖాతాలో 500 రూపాయలు తగ్గించి, ఆక్ పంపేలోగా కరెంటు పోవచ్చు. బ్రోకర్ అదే సందేశాన్ని మళ్లీ ఇస్తుంది. ఇది ఇంతకుముందు ఇచ్చిందేనని గుర్తు పెడుతుంది కానీ, డబ్బు తగ్గిందో లేదో దానికి తెలియదు. కాబట్టి ప్రతి సందేశానికీ ఒక నంబరు ఇచ్చి, ఖాతా మార్పుతోపాటే దాన్నీ డేటాబేస్‌లో ఒకే ట్రాన్సాక్షన్‌లో రాసి, రెండోసారి వస్తే పక్కన పెట్టాలి. ఏ భాష లైబ్రరీ అయినా ఈ కోడ్ మాత్రం అప్లికేషన్ రాసేవాళ్లే రాసుకోవాలి.