పక్షవాతం రోగిని ఆస్పత్రి నుంచి కేర్ హోమ్‌కు మారుస్తున్నారా? ఫైలు ఒక్కటే సరిపోదు

పక్షవాతాన్ని ఉర్దూ మాట్లాడే ఇళ్లలో ఫాలిజ్ అంటారు. ప్రాణాపాయం తప్పగానే ఆస్పత్రి డిశ్చార్జ్ చేసేస్తుంది గానీ, మనిషి అప్పటికి కోలుకుని ఉండరు. పిల్లలు గల్ఫ్‌లోనో, వేరే ఊళ్లోనో ఉంటే, ఇంట్లో చూసుకునేవాళ్లు లేకపోతే రోగిని రిహాబ్ సెంటర్‌కో, కేర్ హోమ్‌కో, దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌కో మారుస్తుంటారు.

అసలు చిక్కు అక్కడే. ఆస్పత్రిలో ఏ చికిత్స చేశారో డిశ్చార్జ్ సమ్మరీలో ఉంటుంది. ఈ రోజు రోగి ఏం చేయగలరు, ఏం చేయలేరు అన్నది చాలాసార్లు అందులో ఉండదు. అది వార్డు నర్సుకు, ఫిజియోథెరపిస్టుకు తెలుసు. మాట పడిపోయిన రోగి తనంతట తాను చెప్పుకోలేరు. కాబట్టి కుటుంబమే అడిగి రాయించుకోవాలి.

ఏ రకం స్ట్రోక్?

రక్తనాళం మూసుకుపోయి వచ్చిందా, చిట్లి వచ్చిందా అన్నది స్పష్టంగా ఉండాలి. మూసుకుపోతే రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి ఇస్తారు. మెదడులో రక్తస్రావం అయినవాళ్లకు అవే మందులు ప్రమాదం కావచ్చు. కొత్త చోట ‘స్ట్రోక్ పేషెంట్’ అని మాత్రమే చెబితే చాలదు.

మందుల విషయంలో పేరు, డోసుతో పాటు చివరి డోసు ఎన్ని గంటలకు ఇచ్చారో రాయించాలి. లేకపోతే అదే మాత్ర రెండుసార్లు పడొచ్చు, లేదా ఒక పూట తప్పిపోవచ్చు. వార్ఫరిన్ వాడుతుంటే ఐఎన్ఆర్ రక్తపరీక్ష మళ్లీ ఎప్పుడు చేయించాలో అడగాలి. ఆపేసిన పాత మందుల పేర్లు కూడా ఉండాలి.

మింగగలరా?

స్ట్రోక్ తర్వాత చాలామందికి మింగడం కష్టమవుతుంది. మామూలు మంచినీళ్లు కూడా గొంతులోంచి ఊపిరితిత్తుల వైపు జారి న్యుమోనియాకు దారితీయొచ్చు. మెత్తటి ఆహారమా, చిక్కటి ద్రవాలా, ముక్కు ట్యూబ్ ద్వారానా అన్నది రాసి ఉండాలి. ఆ సంగతి తెలియని ఆయా ప్రేమతో గ్లాసుడు చాయ్ తాగించినా ముప్పే.

ఏ వైపు బలహీనంగా ఉంది, లేపడానికి ఎంతమంది కావాలి, పడిపోయే ప్రమాదం ఉందా, ఒంటిమీద పుండ్లు ఉన్నాయా, యూరిన్ ట్యూబ్ ఎప్పుడు వేశారు అన్నవీ ముఖ్యమే. బలహీనమైన చేయి పట్టి లాగితే భుజం దెబ్బతింటుంది.

భాష, నమాజ్

హైదరాబాద్ నిమ్స్‌లో 608 మంది స్ట్రోక్ రోగులపై చేసిన అధ్యయనం 2015లో వెలువడింది. ఒకటి కంటే ఎక్కువ భాషలు వచ్చినవాళ్లలో ఆలోచనా శక్తి మెరుగ్గా నిలబడిందని అందులో తేలింది. మాట పడిపోవడంలో మాత్రం వాళ్లకూ, ఒకే భాష వచ్చినవాళ్లకూ పెద్ద తేడా కనిపించలేదు. కొందరికి ఒక భాష ముందు, ఇంకోటి ఆలస్యంగా తిరిగొస్తుంది. తెలుగులో అడిగితే పలకని అమ్మీ ఉర్దూలో అడిగితే తల ఊపవచ్చు. రోగికి ఏ భాష అర్థమవుతోంది, అవును–కాదు ఎలా చెబుతున్నారు అని రాసిస్తే అక్కడి సిబ్బందికి పని తేలికవుతుంది.

వుజూకు సాయం, మంచం మీదే నమాజ్, హలాల్ ఆహారం, మహిళలకు మహిళా అటెండెంట్ లాంటివి కూడా మొదటి రోజే చెప్పాలి. రోగులకు రోజా విషయంలో ఖుర్ఆన్ సడలింపు ఇచ్చింది. రంజాన్‌లో డాక్టర్‌ను అడగకుండా మందుల వేళలు మార్చకూడదు.

కాగితాలు ఎలా?

భారత వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం రోగి గానీ, రోగి తరఫు అధీకృత వ్యక్తి గానీ అడిగితే వైద్య రికార్డులు 72 గంటల్లోగా ఇవ్వాలి. స్కాన్ రిపోర్టుతో పాటు ఫిల్ములు లేదా సీడీ కూడా తీసుకోవాలి. 14 అంకెల ఆభా నంబర్ ఉంటే, దానికి అనుసంధానమైన ఆస్పత్రుల రికార్డులను రోగి సమ్మతితో కొత్త డాక్టర్ చూడొచ్చు. రిపోర్టులను చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టడం వేరే సంగతి. వైద్యం చేసేవాళ్లకు, దగ్గరుండి చూసుకునేవాళ్లకు అందితే చాలు.

అంబులెన్స్ కదిలే ముందే వార్డు నర్సుతో కేర్ హోమ్ నర్సును ఫోన్‌లో మాట్లాడించడం మంచిది. ఆ మాటల్ని ఒక పేజీలో రాసి, ఒక కాపీ మంచం దగ్గర, ఇంకో కాపీ ఇంట్లో ఉంచాలి. దాని మీద తర్వాతి చెకప్ తేదీ, ఏదైనా తేడా వస్తే ఫోన్ చేయాల్సిన నంబర్ ఉండాలి. మూతి వంకర, చేయి పడిపోవడం, మాట తడబడటం మళ్లీ కనిపిస్తే ఆ పేజీ పట్టుకుని వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి.