హమ్‌దర్దీ: మనోవ్యాధిలో సాటివారి తోడు

ఉర్దూలో ‘హమ్‌దర్ద్’ అనే చక్కని మాట ఉన్నది. ‘హమ్’ అనగా కలిసి, ‘దర్ద్’ అనగా నొప్పి. మన ‘సహానుభూతి’ కూడ ఇదే పద్ధతిలో ఏర్పడిన పదం. వాడుకలో అరిగి అరిగి ఈ రెండు మాటలూ జాలి అనే అర్థానికి దిగజారినవి. జాలిపడేవాడు గట్టున నిలిచి చూస్తాడు. హమ్‌దర్ద్ ఆ నీటిలో దిగినవాడు. తీవ్రమైన మనోవ్యాధికి లోనై, చికిత్స పొంది, నిలదొక్కుకొన్న వ్యక్తి అదే వ్యాధితో పెనుగులాడుతున్న మరొకరికి ఆసరాగా నిలుచుటను ‘సాటివారి తోడ్పాటు’ అనవచ్చు. దాని స్వరూపాన్ని, హద్దులను వివరించుట ఈ వ్యాసోద్దేశం.

స్కిజోఫ్రేనియా, బైపోలార్ రుగ్మత, తీవ్రమైన కుంగుబాటు మొదలగునవి మెదడుకు, మనస్సుకు సంబంధించిన వ్యాధులు. వీటికి మందులున్నవి, వైద్యులున్నారు. అయినను 2015-16లో బెంగుళూరులోని నిమ్‌హాన్స్ నిర్వహించిన జాతీయ సర్వే ప్రకారం, తీవ్ర మానసిక రుగ్మతలు గల ప్రతి నలుగురిలో సుమారు ముగ్గురికి చికిత్స అందుట లేదు. దూరాభారం, ఖర్చు ఇందుకు కొంత కారణం. సిగ్గు మరొక పెద్ద కారణం. మధుమేహం ఉన్న తండ్రి అందరి ఎదుట మాత్ర వేసుకొంటాడు. మనోవ్యాధి ఉన్న కూతురు తలుపు మూసి వేసుకొంటుంది. చెల్లెలి పెండ్లి సంబంధం తప్పిపోతుందేమోనని ఇల్లంతా ఆ మాత్రలను దాస్తుంది. జాల్నా నుండి 1953లో హైదరాబాదుకు తరలివచ్చిన ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఎర్రగడ్డలో ఎందరికో ప్రాణదానం చేసింది. మనమో, ఆ ఊరి పేరునే తిట్టుగా మార్చుకొన్నాము. తరగతి గదులలో సైతం ఆ పరిహాసం వినబడుతూనే ఉన్నది. వెనుక బెంచీపై కూర్చున్న ఒక విద్యార్థి జేబులో ఆ ఆస్పత్రి చీటీ ఉండవచ్చునన్న ఊహ నవ్వేవారికి రాదు.

మాటతో మనస్సును ఊరడించుట చికిత్సలో భాగమన్నది కొత్త సంగతి కాదు. 934లో మరణించిన బల్ఖ్ పండితుడు అబూ జైద్ అల్ బల్ఖీ దేహాన్ని, మనస్సును కలిపి చూసిన గ్రంథం రచించి, దుఃఖ భయాదులకు లోపలి ఆలోచనతోపాటు ఇతరుల హితవచనం కూడ ఔషధమని చెప్పాడు. 18వ శతాబ్ది చివర పారిస్‌లోని బిసేత్ర్ ఆస్పత్రిలో, ఒకప్పుడు గండమాల వ్యాధికి అక్కడే చికిత్స పొందిన పుస్సాఁ అనే ఉద్యోగి, కోలుకొన్న మనోరోగులనే పరిచారకులుగా నియమించాడు. వారు రోగులను కొట్టరని అతని నమ్మకం. మన దేశంలో, ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతుల ననుసరించి గుజరాత్ ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవలలో 2014లో ఆరంభమైన కార్యక్రమం పూర్వరోగులకు శిక్షణ ఇచ్చి సాటివారికి తోడుగా నిలిపింది.

ఇంతకూ ఆ తోడు చేసే పని ఏమి? వైద్యుడు మందు వ్రాస్తాడు. ఆ మందుతో చేతులు వణుకుతూ కార్యాలయంలో టీ గ్లాసు ఎట్లా పట్టుకోవాలో, తెల్లవారుజామున మత్తు వదలక బస్సు తప్పిపోతే ఇంట్లో ఏమి చెప్పాలో అనుభవించినవాడే చెప్పగలడు. రంజాన్ మాసాన్నే తీసుకొందాం. బైపోలార్ రుగ్మతకు లిథియం వాడేవారిలో నీరు తగ్గినచో రక్తంలో ఆ మందు ప్రమాణం ప్రమాదకరంగా పెరగవచ్చు. సహరీ కొరకు నిద్ర చెడినచో ఉన్మాద దశ తిరగబెట్టవచ్చు. రోగికి ఉపవాసం నుండి మినహాయింపును మన ధర్మమే ఇచ్చింది. అయినా ఇంటిల్లిపాది రోజా ఉండగా తానొక్కడే అన్నం తినుట ఎంత కష్టమో, ఆ కష్టం పడినవాడు చెబితేనే చెవికెక్కుతుంది. “నెలవంక కనబడక ముందే డాక్టరును అడుగు, నీ అంతట నీవు మాత్రల వేళ మార్చకు” అని ఆ మిత్రుడు అంటే అది ఉపదేశంగా తోచదు.

పుప్పాలగూడలో దీనికి మరొక రూపం ఉన్నది. గుట్టలు, బండరాళ్ల నడుమ ఉండిన ఈ పల్లె చుట్టూ నేడు నానక్‌రామ్‌గూడ, కోకాపేట ఆకాశహర్మ్యాలు లేచినవి. ఎక్కడెక్కడి జిల్లాలనుండో వచ్చి అద్దెగదులలో ఒంటరిగా ఉంటూ, సముద్రాల కావలి దేశాల వేళకు రాత్రి మేల్కొనే యువకులు ఎందరో. రాత్రి ఉద్యోగం అందరికీ వ్యాధి తెచ్చిపెట్టదు. కాని వ్యాధి ఉన్నవానికి నిద్రలేమి పెద్ద శత్రువు. పగటి వేళ కొరకు యజమానిని ఎట్లా అడగాలి, ఎంత చెప్పాలి, ఎంత చెప్పకూడదు అన్నది ఏ వైద్యగ్రంథంలోనూ ఉండదు.

మన కుటుంబాలు మొదట దర్గాకు పోతాయి. పొరుగువారు గుడికో చర్చికో పోతారు. అందుకు వారిని నిందించుట వృథా. కాని తమిళనాడులోని ఏర్వాడి దర్గా గ్రామంలో 2001 ఆగస్టు 6న గొలుసులతో కట్టి ఉంచిన రోగులు అగ్నికి ఆహుతైన దారుణాన్ని మరువరాదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఏ విధమైన గొలుసు బంధాన్నైనా నిషేధించింది. గుజరాత్‌లోని ఉనావాలో మీరా దాతార్ దర్గా వద్ద ‘దవా, దువా’ అనే మేలైన మార్గం ఏర్పడింది. ముజావర్లు దువా చేస్తూనే రోగిని అక్కడనే ఉన్న వైద్యుని వద్దకు పంపుతారు.

సాటివాడు వైద్యుడు కాడు. మందు మార్చమని, మానమని చెప్పరాదు. విన్నది బయట పెట్టరాదు. అయితే ఎవరైనా చనిపోవాలని ఉన్నదని అన్నచో ఆ రహస్యాన్ని ఒంటరిగా మోయరాదు. వారిని విడువక దగ్గరుండి, పెద్దలకు, వైద్యునికి వెంటనే తెలుపవలెను. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ఆరంభించిన టెలి మానస్ సేవ 14416 నంబరుపై ఉచితంగా, తెలుగు, ఉర్దూ భాషలలో కూడ లభిస్తుంది. ఇతరులకు తోడు నిలిచేవాడు కూడ మరల జబ్బు పడవచ్చు గనుక అతనికి వెన్నుదన్నుగా అనుభవజ్ఞులు ఉండాలి. పరిశోధనలు చూపిన ఫలితం కూడ మితమైనదే. ఆశ, ఆత్మవిశ్వాసం పెరుగుతాయని అవి చెప్పినంత గట్టిగా, రోగలక్షణాలు తగ్గుతాయని చెప్పలేదు. నా దృష్టిలో ఆ ఆశే చిన్న సంగతి కాదు. మందు మానకుండ నిలబెట్టేది చాలమారులు అదే.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. వారానికొక సాయంకాలం ఒక గదిని, నెలకొకమారు వచ్చి పర్యవేక్షించే ఒక మనోవైద్యుని మనం సమకూర్చగలిగితే చాలు. ఆ గదికి బోర్డు అక్కరలేదు, హాజరు పట్టీ అసలే వద్దు. ఆడపిల్లలకు వేరొక సాయంకాలం కేటాయించి, తలుపు వద్ద ఎవరినీ నిలబెట్టకుండ ఉండుట మంచిది.