దేశాంతరమున సాహిత్యాచార్యుడు

ద్రాక్షారామ భీమేశ్వరుని మహిమను గానము చేయుచు శ్రీనాథుడు రచించిన భీమేశ్వరపురాణమున కథకు మూలమైనవాడు స్థానభ్రష్టుడైన ఒక గురువు. కాశిలో భిక్ష దొరకక, ఆకలికోపమున ఆ నగరమునే శపింపబూనిన వ్యాసుడు విశ్వనాథుని ఆగ్రహమునకు పాత్రుడై, శిష్యసమేతముగా కాశిని విడువవలసి వచ్చెను. కాశీఖండమునను గల ఈ కథను మన విద్యార్థులు పాఠశాలలోనే 'భిక్ష' అను పాఠముగా చదివియున్నారు. భీమఖండమున కథ అంతటితో ఆగలేదు. వ్యాసుడు దక్షిణమునకు వచ్చి ద్రాక్షారామము చేరును. అగస్త్యుడు అతనిని ఊరడించి క్షేత్రమాహాత్మ్యము నెరిగించును. ఆ అగస్త్యుడును పూర్వము వింధ్యపర్వతము నణచుటకై కాశిని విడిచి వచ్చినవాడే. కాశిని పోగొట్టుకొన్నవారిరువురు గోదావరీతీరమున దక్షిణకాశిని కనుగొనిరి.

ఈ ఘట్టమును పాఠము చెప్పునప్పుడెల్ల నాకొక ప్రశ్న తోచుచుండును. గురువు చోటు మారినపుడు అతని విద్య యథాతథముగా నిలుచునా? గణితాచార్యుడు ఏ దేశమునకేగినను త్రికోణము త్రికోణమే. సాహిత్యాచార్యుని స్థితి వేరు. అతని సరుకంతయు ఒక భాషలో, ఆ భాషను ఎరిగిన శ్రోతలలో ఉన్నది. శ్రోతలు లేనిచోట అతడేమి చెప్పవలెను?

పోర్చుగీసు కవి జోర్జి ద సేన జీవితము ఇందుకు మంచి నిదర్శనము. ఆయన 1919లో లిస్బను నగరమున జన్మించెను. చదివినది ఇంజనీరింగు, ఉద్యోగము రహదారుల శాఖలో. సలాజారు నియంతృత్వమునకు విరోధియగుటచే 1959లో స్వదేశమును విడిచి బ్రెజిలు చేరెను. అచ్చటనే సాహిత్యాధ్యాపకుడయ్యెను, అనగా దేశము విడుచుటయే ఆయనను ఆచార్యుని చేసినది. కామోయెన్సు మహాకవి సానెట్లపై పరిశోధించి 1964లో డాక్టరేటు పొందెను. ఆ యేడే బ్రెజిలులోను సైనికప్రభుత్వ మేర్పడగా, మరుసటి సంవత్సరము అమెరికాకు తరలి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున మాడిసన్ నగరమందు పోర్చుగీసు సాహిత్యమును బోధించెను. 1970లో కాలిఫోర్నియాలోని సాంటా బార్బరాకు పోయి, 1978లో అచ్చటనే మరణించెను. ఆయన జీవితకాలమంతయు పరిశోధించిన కామోయెన్సును 1553లో గోవా చేరి, స్వదేశమునకు దూరముగా పెక్కేండ్లు గడపినవాడే యగుట గమనింపదగినది.

సేన మాడిసన్ విడిచిన మరుసటి యేడు, 1971లో, అదే విశ్వవిద్యాలయమునకు తెలుగు బోధించుటకై వెల్చేరు నారాయణరావుగారు చేరిరి. వీరిరువురకు పరిచయమున్నదని నేననుట లేదు. కాలమే అందుకు అవకాశమీయలేదు. నారాయణరావుగారి దేశాంతరగమనము నిర్బంధము వలన జరిగినదియు కాదు. కాని ఇద్దరి ముందున్న సమస్య ఒక్కటే.

నారాయణరావుగారు 1932లో శ్రీకాకుళము ప్రాంతమున జన్మించి, ఏలూరులో చదివి, అచ్చటి సి. ఆర్. రెడ్డి కళాశాలలో అధ్యాపకులుగా పనిచేసినవారు. ఏలూరు తరగతిలో 'శ్రీనాథుడు' అనగానే విద్యార్థి మనస్సులో సీసపద్యపు నడక, కనకాభిషేకము, పల్నాటి చాటువులు మెదలును. మాడిసన్ తరగతిలో ఆ పేరు వట్టి శబ్దము. అక్షరమాల మొదలుకొని ఆరంభింపవలెను. పద్యమును చదివి 'ఆహా' యని తలయూచు వారుండరు. ఇది ఎందుకు పద్యమైనది, ఎవరు ఎవరికి చెప్పుకొనిరి, ఎందుకు గుర్తుంచుకొనిరి అని అడుగువారుందురు. మన తరగతులలో ఎవరును అడుగని ప్రశ్నలివి. అడుగక్కరలేదని మన మనుకొనుటయే అందుకు కారణము.

ఆ ప్రశ్నల ఫలము చాటుపద్యముల విషయమున స్పష్టముగా కనబడును. శ్రీనాథుని చాటువులను మన చరిత్రకారులు చిరకాలము జీవితచరిత్రకు ఆధారములుగా గైకొనిరి. ఏ పద్యమున ఏ యూరి పేరున్న ఆ యూరికి కవి వెళ్ళెననిరి. చివరి దినముల దైన్యమును చాటువుల నుండియే నిర్మించిరి. డేవిడ్ షుల్మన్ గారితో కలిసి నారాయణరావుగారు 1998లో ప్రకటించిన చాటుపద్యానువాదగ్రంథము ఈ చూపును మార్చినది. చాటువు కవి జీవితమునకు సాక్ష్యము కాదు, ఆ కవిని గూర్చి పాఠకసమాజము చెప్పుకొన్న తీర్పు అని వారి వాదము. ఒక పద్యము నిజముగా శ్రీనాథుడు చెప్పెనా లేదా అను తగవు దీనితో అప్రధానమగును. శ్రీనాథుడన్నవాడు ఇట్టి పద్యము చెప్పగలడని జనము తలచుటయే విమర్శకునకు కావలసిన సమాచారము. ఏలూరులోనే యుండినచో ఈ ఊహ వారికి తోచకపోయెడిదని నేననజాలను. కాని శ్రోతల సమాజము లేని చోట నిలిచినవానికి ఆ సమాజమేమి పనిచేయునో స్పష్టముగా కనబడుట సహజము.

వారి తక్కిన కృషిని ఇచ్చట సూచింతును. పాల్కురికి సోమనాథుని బసవపురాణమును జీన్ రోఘేర్ తో కలిసి 1990లో వెలువరించిరి. క్షేత్రయ్య పదములు, అన్నమయ్య కీర్తనలు, పింగళి సూరన కావ్యములు, కన్యాశుల్కము, మనుచరిత్రము వారి వలన ఆంగ్లపాఠకులకు చేరినవి. వీనిలో పెక్కింటి అనువాదము ఇద్దరు ముగ్గురు కూడి చేసినది. ఒకరికి తెలుగు మాతృభాష, మరియొకరికి ఆంగ్లము. పండితుడు ఏకాంతమున వ్రాయుటకు అలవాటుపడిన మన విభాగములకు ఈ పద్ధతి క్రొత్త.

నష్టమును చెప్పకుండుట న్యాయము కాదు. ఆంగ్లానువాదమున సీసము సీసముగా నిలువదు, యతిప్రాసలు పోవును, శ్రీనాథుని దీర్ఘసమాసపు ఘోష వచనకవితాపంక్తులలో అణగును. అనువాదకులకు ఇది తెలియదని కాదు. అంతకంటె నన్ను కలతపెట్టునది మరియొకటి. తెలుగు కవులపై ఇటీవలి ముఖ్యమైన విమర్శలో అధికభాగము ఆంగ్లమున వెలువడుచున్నది. నారాయణరావుగారే 1978లో 'తెలుగులో కవితా విప్లవాల స్వరూపం' గ్రంథమును తెలుగున వెలువరించినపుడు ఇచ్చటి పండితులు దానితో తెలుగుననే వాదింపగలిగిరి. ఆంగ్లగ్రంథముల విషయమున ఆ వాదమునకు చోటు సన్నగిల్లినది. మన పరిశోధకవిద్యార్థి వానిని చదువడు, చదివినను తన సిద్ధాంతవ్యాసమున పేరు మాత్రము పేర్కొని విడిచిపెట్టును.

శ్రీనాథునిపై నారాయణరావు, షుల్మన్ గార్ల గ్రంథము 2012లో వెలువడినది. దేవతలను, రాజులను నిర్మించిన కవిగా శ్రీనాథుని అందు చూపిరి. రెడ్డిరాజుల మంత్రియైన బెండపూడి అన్నయామాత్యునకు అంకితమైన భీమఖండమున ఒక గోదావరీక్షేత్రము కాశికి సాటిగా ఎట్లు నిలుపబడినదో విచారించుటకు ఈ దృష్టి మిక్కిలి ఉపకరించును. శ్రీనాథునిపై పనిచేయదలచిన విద్యార్థి ఆ గ్రంథమును, భీమఖండములోని వ్యాసాగస్త్య సంవాదమును ప్రక్కప్రక్కన నుంచుకొని చదువవలెను. ఎచ్చట అంగీకరించునో, ఎచ్చట అంగీకరింపడో తెలుగుననే వ్రాయవలెను.