నేలను బట్టి గాలం కట్టు
విశాఖపట్నం నుంచి భీమునిపట్నం వరకు కడలి అడుగున ఇసుకా వున్నది, రాళ్లూ వున్నాయి. అడుగున మేసే చేపకు గాలం వేసేవారు ముందు ఈ తేడా చూసుకోవాలి.

ఇసుక నేలపై తొలిచిన సీసపు గుండును దారానికి వదులుగా ఎక్కించాలి. గుండు గాలం మీదికి జారకుండా మూరెడు పైన ముడి వేయాలి. ఎర లాగితే దారం గుండులోంచి సాగుతుంది. బరువు తగలక జెల్ల, టేకు ఎరను మింగుతాయి.

రాళ్లలో ఈ కట్టు వేస్తే గుండుతోపాటు గాలమూ చిక్కుకుంటుంది. అక్కడ గుండును అన్నిటికన్న కింద, గాలాలను జానెడు కొమ్మదారాలతో దానికి పైన కట్టాలి. గుండుకు మాత్రం బలం తక్కువ దారం వాడాలి. రాతిలో ఇరుక్కుంటే ఆ దారమే తెగుతుంది. గుండు పోయినా గాలం, పడిన చేప దక్కుతాయి.

ఎరకు పచ్చి రొయ్య, కవళ్ల ముక్కలు మేలు. మెత్తని ముక్క అలల తాకిడికి ఊడిపోకుండా సన్నని నూలుతో చుట్టాలి.