జిప్సం పలక

గోడ యనగానే మనకు ఇటుకయు, సున్నమును స్ఫురించును. కాని అమెరికాలో పెక్కు ఇండ్ల లోపలి గోడలు అట్టివి కావు. కొయ్య చట్రమునకు ఇరువైపుల జిప్సం పలకలను మరమేకులతో బిగించి, అతుకులను పూతతో కప్పి, రంగు వేయుదురు. పూర్వము అచట కొయ్య బద్దలపై తడి గారను మెత్తి, అది ఆరువరకు వేచియుండెడివారు. 1894లో అగస్టిన్ సాకెట్ అను నతడు గారను, కాగితమును పొరలుగా కూర్చిన పలకకు పేటెంటు పొందెను.

జిప్సం మెత్తని ఖనిజము. దాని బరువులో ఇంచుమించు అయిదవ వంతు నీరే! ఆ నీరు కంటికి కనబడదు, చేతికి తగులదు. స్ఫటికములలో బంధింపబడి యుండును. ఇల్లు అంటుకొనినపుడు ఆ నీరు ఆవిరియై వేడిని హరించును. అది తీరువరకు పలక వెనుక వేడిమి 100 డిగ్రీల సెంటిగ్రేడును అంతగా మించదు. ఆ కొద్ది నిమిషములలో ఇంటివారు బయటపడవచ్చును.

ఈ పలకలలో రకములు కలవు. పడకగదికి సామాన్యపు పలక చాలును. అగ్ని నోర్చు పలకలో గాజు నారను కలుపుదురు. నీరు తీరిన పిమ్మటను అది పలకను రాలిపోకుండ పట్టియుంచును. స్నానపు గదికి చెమ్మ నోర్చు పలక వలయును; దాని కాగితము తరచుగా ఆకుపచ్చగా నుండును. ఏలయన, సామాన్యపు పలక నానినచో మెత్తబడి చెడును. లోనున్న నీరు ఇంటిని కాచును. వెలుపలి నీరు పలకను చెరచును. కావున చోటెరిగి పలకను ఎన్నుకొనవలెను.