నిర్వేదము – నిరాశ



నమ్ముకొన్నది నిలువనప్పుడు మనస్సునకు కలుగు విరక్తిని పెద్దలు నిర్వేదమన్నారు. నిరాశయు ఇట్టిదే వలె తోచును గాని, రెంటికిని భేదము కలదు. నిరాశలో కోరినది దొరకలేదను బాధయే ఉండును; కోరిక అట్లే మిగులును. నిర్వేదములో ఆ వస్తువే అశాశ్వతమను ఎరుక కలుగును. కర్మలచే లభించు లోకములను చక్కగా పరీక్షించి, నిర్వేదము పొంది, సద్గురువును ఆశ్రయింపవలెనని ముండకోపనిషత్తు బోధించుచున్నది. అనగా నిర్వేదము తరువాత నడువవలసిన దారి ఇంకను ఉన్నది.

కూచిపూడి సంప్రదాయమున సిద్ధేంద్రయోగిని గూర్చి ఒక గాథ చెప్పుదురు. భార్యను చేరుటకై ఆయన నదిని దాటుచుండగా నడుమ వరద ముంచుకొని వచ్చినదట. ప్రాణము నిలుచునో లేదో తెలియని ఆ క్షణమున ఆతురసన్న్యాసము స్వీకరించి, ఒడ్డు చేరిన పిదప జీవితమును శ్రీకృష్ణునికే అంకితము చేసెనందురు. శ్మశానవైరాగ్యము ఇల్లు చేరులోపలనే కరగిపోవును. సిద్ధేంద్రుని వైరాగ్యము ఒడ్డు చేరిన తరువాతను నిలిచెను. ఆయన హృదయములోని ప్రేమ ఎండిపోలేదు. భామాకలాపమున సత్యభామ విరహమై స్వామివైపు మరలెను.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినది. ఊళ్ళకు ఊళ్ళే తుడిచిపెట్టుకొని పోయినవి. సుమారు 10,000 మంది అసువులు బాసిరి. అట్టి దుఃఖమున “దైవమెక్కడ?” అని అడిగినవానిని నాస్తికుడనరాదు. “నీ కర్మఫలము” అని తీర్పు చెప్పుట అంతకంటెను తగదు. కర్మసిద్ధాంతము మన నడవడిని దిద్దుకొనుటకే గాని, పరుల పుండుపై కారము చల్లుటకు కాదు. గీతలో మొదటి అధ్యాయమునకు అర్జునవిషాదయోగమని పేరు. విషాదమును సైతము యోగమనిరి. ప్రశ్నించినందుకు స్వామి అర్జునుని విడిచిపెట్టలేదు.

భక్తునకు ఆపదయే రాదనుకొనుట భ్రమ. తన భక్తుడు నశింపడని భగవానుడు పలికెను గాని, అతనికి దుఃఖమే కలుగదనలేదు. ఆ భ్రమ తొలగునప్పుడు బాధ తప్పదు. తొలగినచోటనే ప్రతిఫలము కోరని భక్తి మొలకెత్తును.

ఉప్పెన తీసిన పిదప దివిసీమ రైతు మరల నాగలి పట్టెను. తీరగ్రామములలో తుఫాను రక్షణ భవనములు వెలసినవి. సముద్రము ఏమియు చేయదను భ్రమ పోయినది. సేద్యము మాత్రము ఆగలేదు. భ్రమను విడిచియు ధర్మమును విడువకుండుటయే నిజమైన నిర్వేదము.

కావున ఆశాభంగము కలిగినప్పుడు “పోయినదేది? మిగిలినదేది?” అని విచారింపుడు. దుఃఖించువారి చెంత బోధ మాని, కొంతసేపు ఊరక కూర్చుండుడు. అదియు భగవత్సేవయే.

స్వస్తి.